ఇంట్లో కూర్చుని అమెరికా ఎం.ఎస్.: అన్నీ కలిపితే ఎంతవుతుంది?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. నాది బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్), 2018 బ్యాచ్. కృష్ణపట్నం వైపు ఒక పవర్ ప్లాంటులో, కంట్రోల్ రూంలో షిఫ్టు డ్యూటీ. చేతికి 46,000 వస్తుంది. చేరిన రోజు నుంచీ అవే స్క్రీన్లు, అవే అలారాలు. బ్యాటరీలు, ఇన్వర్టర్లు తయారుచేసే కంపెనీల వైపు పోవాలని ఉంది. అక్కడ ఎం.టెక్. గానీ ఎం.ఎస్. గానీ అడుగుతున్నారు.

ఉద్యోగం వదలకుండా ఆన్‌లైన్‌లో చేద్దామని వెతుకుతుంటే, అమెరికాలోని కొలరాడో బౌల్డర్ యూనివర్సిటీ ఎలక్ట్రికల్ ఎం.ఎస్. కోర్సెరా అనే ఆన్‌లైన్ చదువుల సైటులో కనబడింది. చదువును క్రెడిట్లనే చిన్న ముక్కలుగా లెక్కేస్తారు. నేను చూసినప్పుడు క్రెడిట్‌కు 667 డాలర్లు, మొత్తం 30 క్రెడిట్లు. డాలరు 88 వేసుకుంటే 17 లక్షల 60 వేలు. ఇంట్లో ఈ అంకె చెప్పేసరికి మా నాన్న "అంత పోసి మిద్దె మీద గదిలో కూర్చోవడమేంది? ఇంకాస్త వేసి అమెరికాకే పోరాదా?" అన్నాడు. రెండు రొయ్యల గుంటలున్నాయి మాకు. పోయిన పంటకు వైట్ స్పాట్ తెగులు వచ్చి సగంలోనే పట్టేశాం. కాబట్టి "ఇంకాస్త" ఎక్కణ్ణుంచి వస్తుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫీజు కాకుండా ఇంకేం ఖర్చులు ఉంటాయి? ఇంతకంటే చవకవి ఉన్నాయా? చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే లెక్క చెప్పండి.

ఒంగోలు గిత్త

ముందు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర కోరిక రొట్టె పట్టుకో అబ్బయ్యా. చదువు రొట్టె వేరు, వీసా రొట్టె వేరు. ఏది పట్టుకుంటున్నావో చూసుకో.

కర్నూలు రోడ్డు (ఒంగోలు)

గిత్త ఎగతాళికి అన్నా అసలు విషయం అదే. దాని గురించి తర్వాత.

నేను జార్జియా టెక్ వాళ్ళ ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేస్తున్నా. ఆరు కోర్సులు అయ్యాయి, నాలుగు మిగిలాయి. ఒంగోల్లో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పని. ఈ ప్రోగ్రాం 2014లో మొదలైంది. డిగ్రీ మొత్తం 7 వేల డాలర్లలోపు అని అప్పట్లో చెబితే ఎవరూ నమ్మలేదట. పాఠాలన్నీ రికార్డు చేసినవి, తరగతికి వందల మంది, దిద్దేవాళ్ళలో చాలామంది పాత విద్యార్థులు. చవక కావడానికి అదే కారణం. ఇప్పటికీ 7 వేల చుట్టుపక్కలే ఉంది. కాకపోతే మన రూపాయి ఉండొద్దూ! 2014లో డాలరు 62 ఉన్నప్పుడు అది 4 లక్షల 34 వేలు. నువ్వు వేసిన 88 లెక్కన 6 లక్షల 16 వేలు. వాళ్ళు పెంచకపోయినా మనకు పెరిగింది.

నా ఖాతా చెబుతా. ఫీజులకు ఇప్పటిదాకా 3 లక్షల 60 వేలు పోయింది. ఇంగ్లీషు పరీక్షకు 17 వేలు. డబ్బు పంపిన ప్రతిసారీ బ్యాంకు రేటు గూగుల్లో కనపడే రేటు కంటే రూపాయో రెండో ఎక్కువ ఉంటుంది, పైన పంపే చార్జీ. కార్డుతో కడితే మూడు, మూడున్నర శాతం మార్కప్ అని అదనంగా వేస్తారు, దాని మీద జీఎస్టీ. ఇవన్నీ చిల్లర అనిపిస్తాయి గానీ పది కోర్సులకు పదిసార్లు కట్టాలి కదా. ఇంకొకటి, సెమిస్టరుకు ఇంతని విడిగా ఒక ఫీజు ఉంటుంది. మెల్లగా ఒక్కో కోర్సూ చేసేవాడు అది పదిసార్లు కడతాడు. రెండేసి చేసేవాడు అయిదుసార్లే.

అసలు ఖర్చు కరెంటు. నవ్వొద్దు. పరీక్ష రాసేటప్పుడు కెమెరా ముందు గదంతా తిప్పి చూపించాలి, మధ్యలో నెట్ పోతే వివరణలు రాసుకోవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారం నాకు సెమిస్టరు చివరి పరీక్ష. కరెంటు లేదు, నెట్ లేదు, ఫోన్లో సిగ్నల్ రావడమే గగనం. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని జనరేటర్ ఉన్న లాడ్జీ వెతుక్కున్నా. ఆ లాడ్జీవాడు రాత్రిపూట వైరు పట్టుకుని తిరుగుతున్న నన్ను చూసి ఏమనుకున్నాడో. ఆ తర్వాత పెద్ద బ్యాటరీతో ఇన్వర్టర్ పెట్టించా, రెండో కంపెనీ నెట్ కూడా తీసుకున్నా. ఆ రెండింటికే ఒక కోర్సు ఫీజు దాకా అయింది. ఏ వెబ్‌సైటూ ఈ ఖర్చు చెప్పదు.

పలకల ఊరు (మార్కాపురం)

ట్రాన్స్‌క్రిప్టుల (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాల) సంగతి ఎవరూ చెప్పలేదేం? నెల్లూరు కాలేజీలైతే జేఎన్‌టీయూ అనంతపురం, ఒంగోలు వైపైతే కాకినాడ. నేను కాకినాడ రెండుసార్లు తిరిగా. రుసుము కంటే బస్సు, లాడ్జీ, సెలవులు ఎక్కువైనాయి.

పెన్నాగట్టు (నెల్లూరు)

బౌల్డర్‌దానికి ట్రాన్స్‌క్రిప్టులు అక్కర్లేదన్నారు. ముందు కొన్ని కోర్సులు డబ్బు కట్టి చేసి, గ్రేడ్ల సగటు 3.0 తెచ్చుకుంటే అదే ప్రవేశం. అందుకే దాని మీద మనసు పడింది. పైగా ఒక్కో క్రెడిట్ విడిగా కొనొచ్చు. 667 డాలర్లు, అంటే 58,700 దాకా. ఒకటి కొని చూసి, కుదరకపోతే ఆపేయొచ్చు.

కర్నూలు రోడ్డు అన్నా, నీది సీఎస్ కదా. నాకు పనికొచ్చేది ఎలక్ట్రికల్.

కర్నూలు రోడ్డు (ఒంగోలు)

ఔను తమ్ముడూ, అక్కడే చిక్కు. చవక ధరలన్నీ సీఎస్, డేటా, ఏఐ చుట్టూనే తిరుగుతున్నాయి. యూటీ ఆస్టిన్ ఆన్‌లైన్ సీఎస్ 10 వేల డాలర్లు, పది కోర్సులు, కోర్సుకు వెయ్యి. ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్‌లో అంత చవకవి నాకు కనబడలేదు. ల్యాబు కావాలి, చేరేవాళ్ళు తక్కువ, కాబట్టి తలసరి ఖర్చు ఎక్కువ. సీఎస్‌లో వెయ్యిమంది రాసిన ప్రోగ్రాం కంప్యూటరే దిద్దేస్తుంది. నీ కన్వర్టర్ సర్క్యూట్ ఎవరు దిద్దాలి?

చీమకుర్తి నల్లరాయి

అమెరికా పేరు లేకపోతే నిద్ర పట్టదా మనకి? నేను బిట్స్ పిలానీ వాళ్ళ వర్క్ ఇంటిగ్రేటెడ్ ఎం.టెక్. చేశా. నాలుగు సెమిస్టర్లు, నాకు అంతా కలిపి 3 లక్షల లోపే అయింది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే ఇస్తారు, కంపెనీ నుంచి లెటరు కావాలి. శని, ఆదివారాలు క్లాసులు. పరీక్షలకు చెన్నై పోయేవాణ్ణి. ఒంగోల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగేవాణ్ణి, ముందురోజే వెళ్ళి పడుకునేవాణ్ణి. రైలు టికెట్టు, గది, సెంట్రల్ ఎదురుగా పొంగలి అన్నీ కలిపినా మీ ఇంగ్లీషు పరీక్ష ఫీజులో సగం కాదు.

చివరి సెమిస్టరు ప్రాజెక్టు మన కంపెనీ పనిమీదే చేసుకోవచ్చు. నాకు ఇంక్రిమెంటు తెచ్చింది ఆ ప్రాజెక్టే. డిగ్రీ కాయితం ఇంకా బీరువాలోనే ఉంది.

గుండ్లకమ్మ (అద్దంకి)

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పుకునేవాణ్ణి. కొంచెం పెద్దగా రాస్తా, ఓపికతో చదవండి.

ధర చూసేముందు ఆ డిగ్రీ మన దేశంలో చెల్లుతుందా అని చూడాలి. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్‌ను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ ఇవ్వకూడదు. ఎంసీఏ, ఎమ్మెస్సీ డేటా సైన్స్ లాంటివి అనుమతి ఉన్నచోట ఆన్‌లైన్‌లో చేయొచ్చు, ఎం.టెక్. కుదరదు. నల్లరాయి చెప్పిన బిట్స్ పద్ధతి వేరు, అది 1979 నుంచీ ఉన్నది, యూజీసీ 2020లో కొనసాగించమంది. ఐఐటీలకు వాటి చట్టం వాటికుంది. ఐఐటీ కాన్పూర్ 2022లో ఈమాస్టర్స్ అని ఆన్‌లైన్ మాస్టర్స్ మొదలుపెట్టింది, గేట్ పరీక్ష అక్కర్లేదు, ఫీజు 8 లక్షల దగ్గర. వీటిని వదిలేసి, ఫేస్‌బుక్‌లో "ఆన్‌లైన్ ఎం.టెక్. 80 వేలు మాత్రమే" అని కనపడితే మాత్రం డబ్బు కట్టబాకండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా బావ డిప్లొమాతో ఒక ప్రభుత్వ శాఖలో చేరాడు. 2003 ప్రాంతంలో కరస్పాండెన్స్‌లో బీటెక్ కట్టాడు. అప్పట్లో మా వైపు ప్రతి జిరాక్స్ షాపు పక్కనా ఒక స్టడీ సెంటర్ ఉండేది. డిగ్రీ వచ్చింది, ప్రమోషన్ వచ్చింది, ఇంటి గేటుకు బి.టెక్. అని బోర్డు కూడా తగిలించాడు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అనుమతి లేకుండా డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల్లో, 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ళవి పక్కన పెట్టారు. ఆ తర్వాత చేరినవాళ్ళవి పూర్తిగా పోయాయి. ముందు బ్యాచీలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) పరీక్ష రాసే అవకాశం ఇచ్చారు. మా బావ పెళ్ళీడుకొచ్చిన కూతురు పక్కన కూర్చుని ఇంజినీరింగ్ మెకానిక్స్ చదివాడు. గట్టెక్కాడు. కానీ ఆ ఆరేడు నెలల టెన్షన్‌కు షుగరు వచ్చింది, ఇప్పటికీ మందులు మింగుతున్నాడు. ఆ డిగ్రీకి ఆయన కట్టిన ఫీజు ఎంతో నాకు గుర్తులేదు, మందుల బిల్లు మాత్రం తెలుసు.

పెన్నాగట్టు నాయనా, నువ్వు పోయేది ప్రైవేటు కంపెనీకి కాబట్టి అమెరికా యూనివర్సిటీ పేరు చాలు. రేపు లెక్చరర్ పోస్టుకో సర్కారు ఉద్యోగానికో పోవాలనుకుంటే విదేశీ డిగ్రీకి సమానత్వ పత్రం అడుగుతారు. ఆన్‌లైన్‌లో చేసినదానికి అది ఇస్తారా లేదా అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడుగు.

ఒంగోలు గిత్త

మేష్టారూ, గేటు మీద బోర్డు తీసేశాడా?

గుండ్లకమ్మ (అద్దంకి)

లేదు. మళ్ళీ రంగు వేయించాడు.

కావలి అక్క (డల్లాస్)

గిత్త చెప్పిన రెండు రొట్టెల సంగతి నేను చెబుతా.

మా ఆయన హెచ్1బీ, నేను భార్యగా వచ్చే హెచ్4 వీసా మీద వచ్చా. ఆన్‌లైన్‌లోనే సీఎస్ మాస్టర్స్ మొదలుపెట్టా. ఇక్కడ నాతో పనిచేసేవాళ్ళలో క్యాంపస్‌లో రెండేళ్ళు చదివి 50 లక్షలు అప్పు చేసినవాళ్ళు ఉన్నారు. పాఠాలు ఇవే, కొన్నిచోట్ల ప్రొఫెసరు కూడా ఒకడే. తేడా ఎక్కడంటే, వాళ్ళకు ఎఫ్1 అనే విద్యార్థి వీసా వచ్చింది, చదువయ్యాక కొంతకాలం ఇక్కడ పనిచేసే అనుమతి వచ్చింది. నెల్లూరులో కూర్చుని చదివేవాడికి వీసా రాదు, ఓపీటీ అనే ఆ పని అనుమతీ రాదు, అమెరికాలో అడుగుపెట్టే దారే ఆ డిగ్రీలో లేదు. క్యాంపస్ ఫీజులో మనవాళ్ళు కట్టేది సగం చదువుకు, సగం ఆ దారికి. కాబట్టి పెన్నాగట్టు వాళ్ళ నాన్నగారు పోలుస్తున్నది రెండు వేరే వస్తువులను.

ఇక్కడ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు మాత్రం ఆన్‌లైన్ బంగారం. కంపెనీ చదువుకిచ్చే డబ్బులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను ఉండదు. 7 వేలు, 10 వేలు అయ్యే డిగ్రీ రెండేళ్ళు సాగదీస్తే చేతి నుంచి దాదాపు ఏమీ పడదు. తమ్ముడూ, మీ ప్లాంటు హెచ్ఆర్‌ను ఒకసారి అడుగు. మన దగ్గర కూడా కొన్ని కంపెనీలు సగం ఇస్తాయి, బదులుగా రెండేళ్ళు మానకూడదని బాండు రాయించుకుంటాయి.

పెన్నాగట్టు (నెల్లూరు)

అడిగా అక్కా. "ముందు ఆపరేషన్ మాన్యువల్ పూర్తిగా చదువు" అన్నాడు.

మొలగొలుకులు (కోవూరు)

బయటికి డబ్బు పంపితే 20 శాతం టీసీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటారు, అది ఎవరూ చెప్పట్లేదు. 17 లక్షలకు మూడున్నర లక్షలు గోవిందా.

రిటైర్డ్ మేనేజరు (కందుకూరు)

మొలగొలుకులు గారూ, కంగారు పెట్టకండి. 20 శాతం వేరే అవసరాలకు. చదువుకు పంపేదాంట్లో 2025 ఏప్రిల్ నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు, అంతకుముందు ఆ హద్దు 7 లక్షలు. ఈ అబ్బాయి 17 లక్షలు మూడేళ్ళకు సర్దుకుంటే ఏడాదికి ఆరు లక్షలు కూడా దాటదు. పట్టుకున్నా అది పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. పంపేటప్పుడు ఫారంలో "చదువు" అని సరైన కోడ్ వేయించండి. కౌంటర్లో కుర్రాడు తొందరలో ఇంకోటి వేస్తే దిద్దించుకోవడానికి చెప్పులు అరుగుతాయి. ముప్పై నాలుగేళ్ళు ఆ కౌంటరు వెనకాలే కూర్చున్నా, నాకు తెలుసు.

అప్పు సంగతి. మామూలు విద్యారుణం పద్ధతిలో ఏడున్నర లక్షలు దాటితే తాకట్టుకు ఆస్తి చూపించాలి. కానీ ఇంట్లో కూర్చుని చదివే కోర్సు అంటే చాలా శాఖలు ఆ పథకం కింద తీసుకోవు, పర్సనల్ లోన్ వైపు నెడతాయి. ఉదాహరణకు 9 లక్షలు, 11 శాతం, అయిదేళ్ళు అనుకుందాం. నెలకు 19,570 దాకా వాయిదా. మొత్తం కట్టేది 11 లక్షల 74 వేలు. 46 వేల జీతంలో 19 వేలు తీసేస్తే మిగిలేదెంతో చూసుకో నాయనా. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి ఉన్నత విద్య కోసమే తీసుకున్న అప్పయితే వడ్డీకి ఎనిమిదేళ్ళ దాకా ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటుంది. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. పర్సనల్ లోన్‌కు ఉండదు.

బంగారం పెట్టి కడతానంటావేమో, అది ఇంట్లో ఆడవాళ్ళను అడిగి పెట్టు.

చీమకుర్తి నల్లరాయి

డబ్బు లెక్క అయింది, గంటల లెక్క వేయండి. కోర్సుకు వారానికి 15 గంటలు, 16 వారాలు, పది కోర్సులు. 2,400 గంటలు. ఇతని జీతం గంటకు 221 రూపాయలు పడుతుంది, నెలకు 26 డ్యూటీలు వేసుకుంటే. అంటే 5 లక్షల 30 వేల విలువైన కాలం. దాన్ని ఫీజులో కలపండి.

పలకల ఊరు (మార్కాపురం)

ఆ 2,400 గంటలకు ఎవరైనా ఇతనికి జీతం ఇస్తున్నారా ఇప్పుడు? రీల్స్ చూసే గంటలకు కూడా 221 వేస్తే నేను మార్కాపురంలో కోటీశ్వరుణ్ణి.

కర్నూలు రోడ్డు (ఒంగోలు)

ఇద్దరిదీ నిజమే. నాకు రెండో కోర్సులో పాప పుట్టింది. చాలా కోర్సుల్లో గడువు ఆదివారం అర్ధరాత్రి అంటారు, అదీ భూమ్మీద అందరికంటే ఆలస్యంగా అర్ధరాత్రి అయ్యేచోటి లెక్క. మనకు సోమవారం సాయంత్రం అయిదున్నర. మూడేళ్ళుగా మా ఇంట్లో ఆదివారం లేదు. పెళ్ళిళ్ళకు నా భార్య ఒక్కతే పోతోంది, నేను చేసేది ఉద్యోగమా చదువా అని చుట్టాలు అడుగుతారు. దీన్ని రూపాయల్లో వేయడం నాకు చేతకాదు.

ఒక కోర్సు మధ్యలో వదిలేశా కూడా. గడువు దాటాక వదిలితే ఫీజు తిరిగి రాదు. ఆరు కోర్సుల లెక్క చెప్పానే, కట్టింది నిజానికి ఏడింటికి. ముందు చెప్పడానికి సిగ్గేసింది. అసలు మొత్తం 4 లక్షల 20 వేలు.

పలకల ఊరు (మార్కాపురం)

అందుకే ముందు ఉచితంగా చూడమనేది. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో పవర్ ఎలక్ట్రానిక్స్ పాఠాలు ఐఐటీ వాళ్ళవే బోలెడు. వినడానికి పైసా అక్కర్లేదు, పరీక్ష రాస్తే వెయ్యి రూపాయలు. పన్నెండు వారాల కోర్సు ఒకటి షిఫ్టుల మధ్య పూర్తిచేయగలిగితే అప్పుడు డాలర్ల మాట ఎత్తు.

పెన్నాగట్టు (నెల్లూరు)

నెల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి క్షమించండి.

పలకల ఊరు అన్న చెప్పినట్టే ఒక కోర్సు మొదలుపెట్టి, డైరీలో గంటలు రాసుకున్నా. వారానికి 15 అనుకున్నా. మొదటి వారం 6, రెండో వారం 9. మూడో వారం వరసగా నైట్ షిఫ్టులు, మొత్తం 4. నాలుగో వారం మా గుంటల్లో పిల్ల వేశారు, నాన్నతోపాటు ఏరియేటర్ల దగ్గరే ఉన్నా, 2.

కాబట్టి 17 లక్షల సంగతి ఇప్పుడే తేల్చడం లేదు. బౌల్డర్‌ది ముందు ఒక్క క్రెడిట్ కొంటున్నా, 58 వేల చిల్లర, చీటీ పాడిన డబ్బు. దాన్ని కోర్సెరాలో క్రెడిట్ లేకుండా నెలవారీ చందాతో ముందే చదువుకుని, కుదిరింది అనిపించాకే క్రెడిట్‌కు కట్టొచ్చని తెలిసింది, అలాగే చేస్తా. జనరల్ షిఫ్టుకు మార్చమని అర్జీ పెట్టా. అది ఒప్పుకోకపోతే బిట్స్ ఫారం నింపుతా. నల్లరాయి అన్నా, కంపెనీ లెటరు ఏ నమూనాలో ఇవ్వాలో కాస్త చెప్పు.

ఇంకో చిన్న సమస్య. ఈ నెల్లోనే సంబంధం చూడ్డానికి వస్తున్నారు. "అబ్బాయి అమెరికా యూనివర్సిటీలో చదువుతున్నాడని చెప్పమంటావా?" అని మా నాన్న అడుగుతున్నాడు.

కావలి అక్క (డల్లాస్)

చెప్పబాకండి తమ్ముడూ! వాళ్ళు టికెట్లు ఎప్పుడని అడుగుతారు.

చీమకుర్తి నల్లరాయి

లెటర్‌హెడ్ మీదే కావాలి, హెచ్ఆర్ సంతకం, స్టాంపు. నా పాతది స్కాన్ చేసి పంపుతా, కంపెనీ పేరు చెరిపి. మీ హెచ్ఆర్‌కు ఉదయం పూట మాత్రం పోబాక, భోజనం అయ్యాక పో.